పాత కారు రేకు పని: తుప్పు, సొట్టలు, నంబర్ ప్లేట్ బిగింపు

తలుపు మీద అరచేయంత సొట్ట పడినా, రంగు చెదరకపోతే ఆ సొట్ట ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. గోరంత రంగు లేచి రేకు బయటపడితే మాత్రం తుప్పు అక్కడ మొదలై రంగు కిందనుంచే చుట్టూ పాకుతుంది. అందుకే పాత కారు పని మొదలుపెట్టేటప్పుడు ఏది ఎక్కువ వికారంగా ఉందని కాకుండా నీళ్లు ఎక్కడ దిగుతున్నాయని చూడాలి. ఆ లెక్కన నంబర్ ప్లేట్ వెనక భాగం చాలా కార్లలో ముందు వరసలోనే ఉంటుంది. ఎప్పుడో ఎవరో డ్రిల్ చేసి రంగు వేయకుండా వదిలేసిన బెజ్జాలు, తుప్పు పట్టిన స్క్రూలు, వెనక పేరుకున్న మట్టి, ఆ మట్టిలో ఆరని తడి అన్నీ అక్కడే ఉంటాయి. అందుకే ప్లేట్ పనినీ రేకు పనినీ ఒకే వరుసలో చెబుతున్నాను. ప్లేట్ ముందే విప్పాలి, బెజ్జాలు రంగుకు ముందే తేల్చుకోవాలి, బిగింపు చివర్లో.

ముందు ఒళ్లంతా పరీక్ష

కారు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పగటి వెలుతురులో ఏటవాలుగా చూస్తే సొట్టలు నీడలుగా కనిపిస్తాయి. కంటికి ఆననివి చేతికి తెలుస్తాయి. వేళ్లు చాపి అరచేయి మొత్తం రేకు మీద మెల్లగా, పొడవుగా జరపండి. మధ్యలో పలచని గుడ్డ పెట్టుకుంటే చేయి సాఫీగా జారి ఎత్తుపల్లాలు ఇంకా బాగా పట్టుబడతాయి.

తర్వాత ఒక చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి అనుమానమున్న చోట్ల ఆనించండి. ఉక్కు రేకు అయితే పట్టుకుంటుంది. పట్టు ఒక్కసారిగా బలహీనమైతే కింద పాత పుట్టీ మందంగా ఉందని అర్థం. అసలు అంటుకోకపోతే అది అల్యూమినియమో ప్లాస్టిక్కో అయి ఉండాలి, లేదా పుట్టీతో కప్పేసిన చిల్లు కావచ్చు. రంగు బుడగలా పొంగిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. రేకు నిలబడితే అది పైపై తుప్పు. మొన లోపలికి దిగిపోతే తుప్పు లోపలి వైపు నుంచి తిని వచ్చింది.

లోపలి నుంచి వచ్చిన తుప్పుకు పైన ఎంత పుట్టీ పెట్టినా లాభం లేదు. తలుపు కింది అంచులో నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోతే ఇలాగే జరుగుతుంది. వాటిని సన్నటి ప్లాస్టిక్ పుల్లతో పొడిచి తెరవండి. పది నిమిషాల పనే, కానీ ఈ వ్యాసంలోని పనులన్నిట్లోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే.

ఏది చేతికి లొంగదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె భాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీటు బెల్టు పట్టే చోట్లు, ఛాసిస్ వీటిలో చిల్లు పడితే అది చిన్న పని కాదు. అక్కడ తుప్పు రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. పుట్టీ పూస్తే ప్రమాదాన్ని కప్పిపెట్టినట్టే అవుతుంది.

గీతలకు వేరే పరీక్ష ఉంది. గీత మీద నీళ్లు రాయండి. తడిగా ఉన్నంతసేపు కనిపించకుండా పోతే అది పై పొర గీతే, రబ్బింగ్ కాంపౌండ్‌తో (రుద్ది మెరుగుపెట్టే పేస్ట్) పోతుంది. గోరు అడ్డంగా లాగితే అందులో చిక్కుకునేంత లోతు గీతయితే రంగు పని తప్పదు. ఇంకొకటి కూడా చూడండి. తెల్లగుడ్డకు కాస్త కాంపౌండ్ అంటించి కనబడని మూలలో రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే మీ కారుది ఒకే పొర పాత రంగు, పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేదు. ఇలాంటి రంగు ఎండకు వెలిసి సున్నం కొట్టినట్టయినా కాంపౌండ్‌తో చాలావరకు మళ్లీ మెరుపు తేలుతుంది. రంగు డబ్బా కొనేముందు ఆ ప్రయత్నం చేసి చూడండి.

ప్లేట్ విప్పడం

మొరాయించిన స్క్రూని బలంతో గెలవాలని చూస్తే తల విరుగుతుంది. ముందు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ముందు కొంచెం బిగించే వైపు, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. ఆ చిన్న కదలికకే తుప్పు పట్టు సడలుతుంది. తల గాడి అరిగిపోతే రంపపు బ్లేడుతో కొత్త గాడి కోయవచ్చు. స్క్రూతో పాటు వెనక నట్టు కూడా తిరుగుతుంటే డిక్కీ లోపలి అట్ట తీసి, నట్టును వెనకనుంచి ప్లయర్‌తో పట్టుకోవాలి. వెనక చేయి దూరకపోతే తలను డ్రిల్‌తో తొలిచేసి ప్లేట్ తీయండి, మిగిలిన ముక్క సంగతి తర్వాత.

విరిగిన బోల్టు రేకులో ఉండిపోతే సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి. బిట్‌కు టేపు చుట్టి లోతు హద్దు పెట్టుకోండి. డిక్కీ తలుపు లోపల దీపాల వైర్లు పోతుంటాయి.

కొన్ని చోట్ల ప్లేట్లను ఒక్కసారే బిగే, విప్పితే విరిగే భద్రతా రివెట్లతో అమరుస్తారు. వాటిని సొంతంగా విరగ్గొట్టకండి. రిజిస్ట్రేషన్ చూసే అధికారుల పద్ధతి ప్రకారమే విప్పించుకుని, మళ్లీ వేయించుకోవాలి.

తుప్పు తీయడం

పని మొదలుపెట్టే ముందు ఆ భాగాన్ని మైనం, జిడ్డు వదిలించే ద్రవంతో తుడవాలి. ఈ తుడవడం రాపిడికి ముందే జరగాలి. జిడ్డు మీదే శాండ్ పేపర్ ఆడిస్తే ఆ జిడ్డు గీతల్లోకి దిగిపోయి, తర్వాత రంగు వేసినప్పుడు చేప కళ్లలాంటి గుంటలుగా తేలుతుంది. సిలికాన్ కలిసిన డాష్‌బోర్డ్ పాలిష్ వాడిన చేతులతో రేకును తాకినా అంతే.

ఇక 80 నంబర్ పేపర్‌తో తుప్పు చుట్టూ రెండు మూడు సెం.మీ. మంచి రంగు దాకా గీకండి. రంగు కింద తుప్పు ఎంతదాకా పాకిందో గీకితేనే తెలుస్తుంది. రేకు మెరిసేదాకా వెళ్లాలి. గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి, అవే మళ్లీ మొలకెత్తే విత్తనాలు. సన్నటి వైర్ బ్రష్‌తో తోడి, మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాయండి. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, చెప్పినట్టే కడిగి ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలితే పైన వేసే పొరలు సరిగా పట్టవు. పెచ్చులుగా లేస్తున్న తుప్పు మీద ఈ మందు పోయడం దండగ.

ముక్కుకు మంచి దుమ్ము మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. బాగా పాత కార్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కొన్ని పాత కార్లలో రేకుల అతుకులను సీసం కరిగించి నింపేవారు కూడా. అతుకు దగ్గర మెత్తటి బూడిదరంగు లోహం బయటపడితే పొడిగా గీకడం వెంటనే ఆపేయండి. అది పుట్టీ కాదు.

శుభ్రమైన ఉక్కును రాత్రంతా బయట వదలకండి. గాలిలో తేమ ఉంటే తెల్లారేసరికి కంటికి కనిపించే తుప్పు వచ్చేస్తుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు తేమ తగలనివ్వని తొలి పూత) ఒకసారి వేసేయండి.

సొట్ట తీయడం

ఇక్కడ తొందరపడేవాళ్లు ఎక్కువ. సొట్ట నడిమధ్యన లోపలి నుంచి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలనిపిస్తుంది. అలా కొడితే రేకు సాగుతుంది. సాగిన రేకు వేలితో నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. దాన్ని సరిచేయాలంటే వేడిచేసి కుదించాలి, అది అనుభవం ఉన్న చేతుల పని.

దెబ్బ తగిలినప్పుడు నడిభాగం ముందు లోపలికి పోయి, చుట్టూ ఉబ్బిన గట్టు చివర్లో ఏర్పడుతుంది. తీసేటప్పుడు ఆ వరుస తిరగబడాలి. చివర వచ్చిన గట్టును ముందు దించాలి, నడిగుంట చివర్లో లేవాలి. వెనక డాలీ అనే ఇనుప దిమ్మెను పల్లం కింద ఆనించి పైకి నొక్కి పట్టుకోండి. పైన పక్కనున్న గట్టు మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయండి. సుత్తి దెబ్బ డాలీ మీదే పడకూడదు, దాని పక్కన పడాలి. రెండిటి మధ్య రేకు నలిగితే పలచబడి సాగుతుంది. ఒక్కో దెబ్బకు రేకు వెంట్రుకవాసి కదిలితే చాలు. మధ్యమధ్యలో అరచేయి జరిపి చూసుకోండి.

వెడల్పుగా, లోతు లేకుండా, మడత పడకుండా ఉన్న సొట్టయితే రబ్బరు సక్షన్ కప్పుతోనే లేచే అవకాశం ఉంది, ముందు అదే ప్రయత్నించండి. తలుపు లోపలి అట్ట తీయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీసేయండి. పక్క ఎయిర్‌బ్యాగులున్న కారయితే సర్వీస్ పుస్తకం చూడకుండా అక్కడ చేయి పెట్టకండి.

రేకు ఎక్కడా చుట్టుపక్కల మట్టం కంటే పైకి ఉండకూడదు. పల్లాన్ని పుట్టీతో నింపవచ్చు, గట్టును నింపలేం. ఎత్తు ఒక్కటి మిగిలినా పుట్టీ గీకేటప్పుడు రేకు అక్కడే బయటపడుతుంది.

పుట్టీ

పాలియెస్టర్ పుట్టీ చివరి రెండు మూడు మిల్లీమీటర్ల లోటు పూడ్చడానికే. దానికి మించి మందంగా వేస్తే ఎండకూ చలికీ రేకు ఒక తీరుగా, పుట్టీ ఇంకో తీరుగా వ్యాకోచించి పగులు తేలుతుంది. పుట్టీని 80 నంబర్ పేపర్‌తో గరుకు చేసిన ఉక్కు మీద గానీ, పూర్తిగా ఆరి గరుకు చేసిన ఎపాక్సీ మీద గానీ వేయవచ్చు. తుప్పు పట్టిన చరిత్ర ఉన్న చోట నేను రెండోదే ఎంచుకుంటాను. ఆమ్లంతో పట్టే ఎచ్ ప్రైమర్ మీద మాత్రం వేయకండి, పుట్టీ సరిగా గట్టిపడదు.

గట్టిపరిచే పేస్ట్ బరువులో సుమారు 2 శాతం కలపాలి. ఎక్కువైతే త్వరగా ఆరుతుందనేది భ్రమ. అందులోని పెరాక్సైడ్ ఎక్కువై, పైకి తేలి రంగులో మరకలు పడతాయి. తక్కువైతే పుట్టీ ఎన్నాళ్లకూ మెత్తగానే ఉంటుంది. చదునైన పలక మీద గరిటెతో మడుస్తూ, అద్దుతూ రంగు సమంగా వచ్చేదాకా కలపండి. గిలక్కొట్టకండి, లోపల గాలి బుడగలు చేరి గీకినప్పుడు సూదిబెజ్జాలుగా బయటపడతాయి. 20 డిగ్రీల వేడిలో చేతిలో నాలుగైదు నిమిషాలే ఉంటుంది, ఎండ మండే పూట ఇంకా తక్కువ. కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోండి, నీడలో పని చేయండి.

మొదటి పూత పలచగా, గట్టిగా అదిమి రుద్దాలి. అది గీతల్లోకి దిగి పట్టునిస్తుంది. దాని మీద నింపే పూత చుట్టూ కాస్త ఎక్కువగా వేయండి. పూర్తిగా రాయి కాకముందు, సబ్బు బిళ్లంత గట్టిపడిన దశలో ముతక ఆకురాయితో పైపైన చెక్కేస్తే సగం శ్రమ తప్పుతుంది. ఆ తర్వాత పేపర్‌ను చెక్క దిమ్మెకు చుట్టి 80, 180, 320 నంబర్ల వరుసలో ఏటవాలుగా, అటూ ఇటూ మార్చి గీకండి. వేళ్లతో గీకితే వేళ్ల చాళ్లే పడతాయి. నీళ్లు మాత్రం వాడకండి. పుట్టీలో ఉండే టాల్క్ (మెత్తటి రాతి పొడి) తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ తర్వాత పొక్కులుగా లేస్తుంది.

సమంగా వచ్చిందో లేదో తెలియడానికి నల్లరంగు స్ప్రే దూరం నుంచి పొడిగా, పలచగా చల్లి మళ్లీ దిమ్మెతో గీకండి. నలుపు పోని చోటే పల్లం.

బెజ్జాలు ఇప్పుడే

ప్లేట్‌కు కొత్త బెజ్జాలు కావాలంటే రంగుకు ముందే వేసేయాలి. రంగయ్యాక డ్రిల్ చేస్తే బెజ్జం అంచున పచ్చి రేకు మిగులుతుంది. పాత బెజ్జాలు పనికిరాని చోట్ల ఉంటే, చిన్నవయితే లోపలి నుంచి చిన్న రేకు ముక్కను ఎపాక్సీ జిగురుతో అంటించి బయట పుట్టీ పెట్టవచ్చు. ఇది ప్లేట్ చాటున, బరువు పడని చోటే.

కొలతకు స్పిరిట్ లెవెల్ (నీటిమట్టం పరికరం) వాడకండి, కారు నిలబడిన నేల వాలుగా ఉంటే ప్లేట్ కూడా వాలుతుంది. బంపర్ అంచు నుంచో డిక్కీ గీత నుంచో రెండు పక్కలా కొలిచి, ప్లేట్ సైజు అట్టముక్క టేపుతో అంటించి, పది అడుగుల దూరం నుంచి చూసి గుర్తు పెట్టండి. డిక్కీ తాళం, లాగే కొక్కెం, రేడియేటర్‌కు గాలి పోయే జాలి వీటికి ప్లేట్ అడ్డం రాకూడదు. ఎత్తు, వాలు, స్క్రూ తల రంగు లాంటివి ఒక్కో చోట ఒక్కోలా నిర్దేశించి ఉంటాయి, ముందే చూసుకోండి. స్క్రూ తల అక్షరం మీదగానీ, ఒక అంకె ఇంకోలా కనిపించేట్టుగానీ పడకూడదనేది ఎక్కడైనా ఒకటే.

డ్రిల్ చేశాక ఇనుప రజను మొత్తం అయస్కాంతంతో ఏరేయండి. మిగిలిన ప్రతి రవ్వా తుప్పు చుక్కవుతుంది.

ప్రైమర్, రంగు

రంగు కోడ్ తలుపు చట్రం మీదో బానెట్ కిందో ఉన్న చిన్న పలక మీద దొరుకుతుంది. కోడ్ ప్రకారం కలిపినా పాత కారుకు సరిగ్గా అతకదు, ఎందుకంటే మీ కారు రంగు ఏళ్ల తరబడి ఎండకు వెలిసింది. కాబట్టి ముందు చుట్టుపక్కల కాంపౌండ్‌తో రుద్ది అసలు రంగు తేల్చి, అట్టముక్క మీద వేసి ఆరాక పగటి వెలుతురులో పోల్చి చూడండి.

ఎపాక్సీ వేయని పచ్చి రేకు ఎక్కడైనా కనిపిస్తే ముందు దాన్ని కప్పండి. దాని మీద నింపే ప్రైమర్ రెండు మూడు పూతలు వేసి, ఆరాక 400, తర్వాత 600 నంబర్ పేపర్‌తో తడి పెట్టి రుద్దండి. పుట్టీ అప్పటికి ప్రైమర్ కింద భద్రంగా ఉంటుంది కాబట్టి ఇప్పుడు నీళ్లు వాడవచ్చు, కానీ పుట్టీ మళ్లీ బయటపడేదాకా రుద్దకండి. బెజ్జాల లోపలి అంచులకు ప్రైమర్‌నూ రంగునూ సన్నటి కుంచెతో అద్దండి. స్ప్రే అక్కడికి దిగదు.

స్ప్రే డబ్బాతో వేసేటప్పుడు 25 సెం.మీ. దూరం, చేతి కదలిక రేకుకు సమాంతరంగా, ఒక్కో వరుస ముందరి వరుసను సగం కప్పాలి. డబ్బా మీట రేకు బయట నొక్కి, రేకు దాటాక వదలండి. పలచటి పూతలు, ఒక్కోదానికి మధ్య పది పదిహేను నిమిషాల ఆరుదల. మొదటి పూతకే కప్పేయాలని చూస్తే కారిపోతుంది. మాస్కింగ్ టేపును వీలైతే డిక్కీ అంచు దగ్గరో రేకు మడత గీత దగ్గరో ఆపండి. నడిరేకులో ఆపాల్సి వస్తే టేపు అంచును వెనక్కి మడిచి వదిలితే రంగు గట్టు కట్టదు. క్లియర్ కోట్‌ను మాత్రం ఆ రేకు మొత్తానికీ వేయడమే మేలు. నడుమ ఆపిన క్లియర్ అంచు కొన్నాళ్లకు తెల్లటి గీతయి లేస్తుంది.

డబ్బాలోనే గట్టిపరిచేది కలిసే టూ-కే క్లియర్ గట్టిదే, పెట్రోలు పడినా తట్టుకుంటుంది. కానీ అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలదు. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. విడిగా గాలి అందించే పరికరం లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. ఆ ఒక్క పూత పెయింటర్‌తో వేయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ప్లాస్టిక్ బంపర్ అయితే

పైన చెప్పిన పుట్టీ బంపర్‌కు పనికిరాదు, వంగితే పగులుతుంది. సాగే గుణమున్న ప్లాస్టిక్ పుట్టీ అడిగి తీసుకోండి. బంపర్ లోపలి వైపు పీపీ అని అచ్చు ఉంటే అది పాలిప్రొపిలీన్, దానికి ప్రైమర్ నేరుగా అంటదు. ముందు ప్లాస్టిక్‌కు పట్టునిచ్చే ద్రవం చల్లాలి. పగలకుండా నొక్కుకుపోయిన బంపర్‌కు చాలాసార్లు వేడినీళ్లు పోసి లోపలి నుంచి తోస్తే చాలు.

ప్లేట్ బిగింపు

రంగు బాగా గట్టిపడనివ్వండి, కనీసం రెండు మూడు రోజులు. తొందరపడితే వాషర్ ముద్ర రంగులో దిగిపోతుంది.

రేకులో చదరపు బెజ్జాలుంటే వాటిలో దూరే నైలాన్ నట్లకే నా ఓటు. స్క్రూ లోహం రేకు లోహాన్ని తాకదు, తుప్పు పట్టదు, పాడైతే కోసి కొత్తది పెట్టవచ్చు. గుండ్రటి బెజ్జం, వెనక చేయి దూరని చోటయితే రివెట్ నట్టు (బయటినుంచే రేకుకు నొక్కి బిగించే నట్టు) వేయాలి. ఎం 5 (5 మి.మీ. స్క్రూ) సైజుకు సుమారు 7 మి.మీ., ఎం 6 కు 9 మి.మీ. బెజ్జం పడుతుంది, ప్యాకెట్ మీది కొలతే ఖాయం. ఉక్కు రేకుకు జింకు పూసిన ఉక్కు రివెట్ నట్టు తీసుకోండి. రేకులోకి నేరుగా దిగే మరస్క్రూలు మాత్రం వద్దు. దిగేటప్పుడే రంగును చీల్చుకుంటూ దిగుతాయి, ఈ తుప్పంతా మొదలయ్యేది అక్కడే.

స్టెయిన్‌లెస్ స్క్రూ కొన్నవాళ్లు దానికి తుప్పు పట్టదు కదా అని నిశ్చింతగా ఉంటారు. నిజమే, దానికి పట్టదు. తడిలో స్టెయిన్‌లెస్‌తో మామూలు ఉక్కు తాకితే మామూలు ఉక్కే ముందు కరుగుతుంది, అల్యూమినియం ప్లేట్‌దీ అదే గతి. ముందూ వెనకా నైలాన్ వాషర్లు వేసి, మరలకు కాస్త గ్రీజు రాస్తే ఆ తగాదా ఉండదు.

ప్లేట్‌కూ రేకుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల రబ్బరు వాషర్లు పెట్టండి. వెనక గాలి ఆడి తడి ఆరుతుంది. డిక్కీ వేసినప్పుడు ప్లేట్ గలగలలాడకుండా నాలుగు మూలలా చిన్న నురుగు ముక్కలు అంటించవచ్చు. నీళ్లు నిలవకుండా అడుగున మాత్రం తెరిచి ఉంచండి. ప్లేట్ చుట్టూ ఫ్రేము వేసేవాళ్లు అడుగున బెజ్జాలున్నదే చూసుకోవాలి. బెజ్జం చుట్టూ సీలెంట్ పెట్టాలనుకుంటే న్యూట్రల్ సిలికాన్ అని రాసి ఉన్నది వాడండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రేకుకు మంచిది కాదు.

స్క్రూలను చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. వాషర్ కొద్దిగా నొక్కుకోగానే ఆపేయాలి. ప్లేట్ పలచటి అల్యూమినియం, ఎక్కువ బిగిస్తే స్క్రూ చుట్టూ గుంటపడి అక్కడినుంచే చీలుతుంది. రెండువైపులా అంటుకునే టేపుతోనే సరిపెట్టుకోవాలంటే రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వెచ్చటి పూట గట్టిగా అదమండి. పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. బోల్టుకు తోడుగా టేపు బాగుంటుంది, ఒంటరిగా దాన్ని నమ్మను.

చివరగా ప్లేట్ దీపం వేసి చూడండి. వెలగకపోతే చాలావరకు బల్బు బాగానే ఉంటుంది, పట్టుకునే రేకు ముక్కలకు తుప్పు పట్టి ఉంటుంది. సన్నటి పేపర్‌తో గీకి బల్బు మళ్లీ పెట్టండి. దీపం రబ్బరు ఎండి బిరుసైపోతే మార్చేయండి, డిక్కీ లోపలికి నీళ్లు వచ్చే దారుల్లో అదొకటి. కొత్త రంగు మీద మైనం నెల రోజుల తర్వాతే రుద్దాలి. ఆ రోజే ప్లేట్ స్క్రూలు ఇంకోసారి చేత్తో తిప్పి చూసి, డిక్కీ లోపలి వైపున, బెజ్జాల వెనక, బోలు భాగాలకు వాడే మైనం స్ప్రే కొట్టి అట్ట బిగించేయండి.